కొత్త రెసిస్టర్ వేసే ముందు: హీటర్ ఫ్యానులో కరెంటు లోపాలు వెతికే పద్ధతి

వాహనంలో హీటర్ ఫ్యాను పనిచేయకపోతే చాలామంది మొదట చేసే పని ఫ్యాను వేగాన్ని తగ్గించే రెసిస్టర్ అనే భాగాన్ని కొత్తది తెచ్చి బిగించడం. ఆ భాగం ఖరీదు తక్కువ, విప్పడం తేలిక, పైగా చాలాసార్లు దానితో ఫ్యాను మళ్లీ తిరుగుతుంది కూడా. కొంతకాలానికి అదే రెసిస్టర్ మళ్లీ కాలిపోతే మాత్రం నింద విడిభాగం నాణ్యత మీదికి పోతుంది. నా అనుభవంలో రెండోసారి కాలిన రెసిస్టర్‌కు కారణం సాధారణంగా దాని బయటే దొరికింది: కమిలిన కనెక్టర్, బిగిసిపోయిన మోటారు బేరింగు, గాలి ఆడని డక్టు (గాలి వెళ్లే గొట్టం). అందువల్ల ఏ భాగం పోయిందో తెలుసుకోవడంతో నేను ఆగను. అది ఎందుకు పోయిందో తేలేవరకు కొత్త భాగం డబ్బా తెరవను.

ముందుగా కరెంటు నడిచే దారి మనసులో ఉండాలి. చాలా కార్లలో, వ్యానుల్లో ఈ వ్యవస్థ 12 వోల్టులది. భారీ లారీలు, బస్సుల్లో 24 వోల్టులది ఉంటుంది. బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు ఫ్యూజు గుండా, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటు దారిని కలిపే స్విచ్) గుండా మోటారుకు చేరుతుంది. మోటారు నుంచి రెసిస్టర్‌కు, అక్కడి నుంచి వేగం మార్చే స్విచ్‌కు, చివరికి బాడీ ఎర్తుకు, అంటే బ్యాటరీ నెగటివ్‌కు కలిసి ఉన్న వాహనపు లోహపు ఒంటికి, వెళ్తుంది. కొన్ని వాహనాల్లో ఈ వరుస తిరగబడి, స్విచ్, రెసిస్టర్ ముందు వచ్చి, మోటారు నేరుగా ఎర్తుకు కలిసి ఉంటుంది. తేడా చిన్నదిగానే కనిపిస్తుంది గానీ పరీక్షకు కూర్చున్నప్పుడు దానిమీదే అంతా ఆధారపడుతుంది. మొదటి రకంలో ఇగ్నిషన్ వేసి, ఫ్యాను స్విచ్ ఆపి ఉంచినా మోటారు రెండు తీగల మీదా 12 వోల్టులు కనిపించడం సహజమే. రెండో రకంలో అదే స్థితిలో అక్కడ వోల్టేజి కనిపిస్తే అనుమానించాలి. కనుక ఆ మోడల్ వైరింగ్ డయాగ్రం ఎదురుగా లేకుండా నేను మల్టీమీటర్ (వోల్టేజి, నిరోధం కొలిచే మీటరు) పట్టుకోను. తీగల రంగులు చూసి ఊహించుకుంటూ పోతే సగం రోజు వృథా అవుతుంది.

రెసిస్టర్ చేసే పని వేగం తగ్గించడం. అందులో నిరోధపు తీగ చుట్టలు ఒకదాని వెనుక ఒకటి కలిపి ఉంటాయి. మొదటి వేగంలో కరెంటు అన్ని చుట్టల గుండా వెళ్లాలి కాబట్టి మోటారుకు తక్కువ వోల్టేజి అందుతుంది. వేగం పెంచేకొద్దీ ఒక్కో చుట్ట దారి నుంచి తప్పుకుంటుంది. చిట్టచివరి వేగంలో రెసిస్టర్ ప్రమేయమే లేకుండా పూర్తి వోల్టేజి మోటారుకు చేరుతుంది. మోటారుకు అందకుండా చుట్టల మీద నిలిచిపోయిన వోల్టేజి అంతా వేడిగా మారుతుంది. చుట్టల మీద 7 వోల్టులు నిలిచి, 5 ఆంపియర్లు పారుతుంటే, అరచేతిలో పట్టే ఆ చిన్న భాగంలో 35 వాట్ల వేడి పుడుతుందన్నమాట. అందుకే దానిని ఫ్యాను గాలి సూటిగా తగిలే చోట, చుట్టలు డక్టు లోపలికి వచ్చేలా బిగిస్తారు. గాలి ఆగిపోయినప్పుడు చుట్టలు ఎర్రబడి చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను కరిగించకుండా చాలా రెసిస్టర్లలో ఒక థర్మల్ ఫ్యూజు ఉంటుంది. అది ఒకసారి తెగితే తిరిగి అతుక్కోదు. దానిమీద చిన్న తీగ ముక్క అతికించి పని గడిపేసేవారిని చూశాను. నిప్పు నుంచి రక్షించే ఒకే ఒక్క ఏర్పాటును అలా తీసేయడం నా దృష్టిలో క్షమించరాని పని.

ఈ నిర్మాణం తెలిసినవారికి లక్షణాలే సగం సంగతి చెప్పేస్తాయి. ఏదీ విప్పకముందే ఇగ్నిషన్ వేసి, స్విచ్‌ను ఒక్కో వేగంలో నిలిపి వినాలి. చివరి వేగం ఒక్కటే పనిచేసి మిగిలినవన్నీ చచ్చి ఉంటే థర్మల్ ఫ్యూజు తెగిందని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. ఆ ఒక్క వేగమే రెసిస్టర్‌ను దాటుకుని వెళ్తుంది కాబట్టి ప్రధాన ఫ్యూజు, మోటారు, ఎర్తు బతికే ఉన్నాయని కూడా అదే సాక్ష్యం చెబుతుంది. మధ్యలో ఒక్క వేగం మాత్రమే లేకపోతే స్విచ్ లోపల ఆ వేగానికి చెందిన కాంటాక్టును, దాని తీగను అనుమానించాలి, ఎందుకంటే చుట్ట తెగితే దాని గుండా వెళ్లే కింది వేగాలన్నీ కలిసి పోతాయి. కింది వేగాలన్నీ బాగుండి చివరిది మాత్రమే రాకపోతే, చాలా వాహనాల్లో ఆ వేగానికి విడిగా ఒక రిలే, కొన్నిటిలో విడిగా ఒక ఫ్యూజు కూడా ఉంటాయని గుర్తుంచుకుని అక్కడ మొదలుపెట్టాలి. ఏ వేగంలోనూ కదలిక లేకపోతే లోపం అన్ని వేగాలకూ ఉమ్మడిగా ఉన్న దారిలో ఉంది.

లోపం కానిదాన్ని లోపమనుకునే సందర్భం కూడా ఒకటుంది. ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ ఉన్న చాలా వాహనాలు చలిలో ఇంజిన్ స్టార్ట్ చేయగానే చల్లగాలి మొహాన కొట్టకుండా, కూలెంట్ కొంత వేడెక్కేదాకా ఫ్యానును ఆపి ఉంచడమో, బాగా నెమ్మదిగా తిప్పడమో చేస్తాయి. చేత్తో వేగం పెంచినప్పుడు ఫ్యాను మామూలుగా తిరిగితే అలాంటి వాహనంలో విప్పాల్సింది ఏమీ లేదు.

ఫ్యూజును బయటికి లాగి కంటితో చూసి సరిపెట్టుకోవడం కన్నా, సాకెట్లోనే ఉంచి, దాని వీపున కనిపించే రెండు లోహపు చుక్కల మీద మీటరు ప్రోబ్ (కొలిచే మొన) పెట్టి చూడటం మేలు. ఇగ్నిషన్ వేసి ఉండగా రెండు చుక్కల దగ్గరా వోల్టేజి ఉంటే ఫ్యూజు బాగుంది, ఒకదాని దగ్గరే ఉంటే తెగింది, రెండింటి దగ్గరా లేకపోతే లోపం ఇంకా బ్యాటరీ వైపు ఉంది. కొత్త ఫ్యూజు వేసిన క్షణంలోనే తెగితే తీగ ఎక్కడో బాడీకి తగులుతోంది, లేదా మోటారు లోపల షార్ట్ అయింది. మోటారు కనెక్టర్ ఊడదీసి మరో ఫ్యూజు వేస్తే ఈ రెండింటిలో ఏదో తేలిపోతుంది. కాసేపు తిరిగాక తెగితే మోటారు మితిమీరిన కరెంటు లాగుతోందని అర్థం. 30 ఆంపియర్ల చోట 40 ఆంపియర్లది మాత్రం ఎప్పుడూ వేయకూడదు. ఆ విలువను తీగ మందాన్ని బట్టి నిర్ణయించారు. పెద్దది వేస్తే తరువాత కాలేది తీగే. రిలే విషయం క్లుప్తంగా చెబుతాను. 85, 86 అంకెలున్న కాళ్ల మధ్య కాయిల్ ఉంటుంది, అసలు కరెంటు 30 నుంచి 87కు వెళ్తుంది. వేలు ఆనించినప్పుడు టక్కుమన్నంత మాత్రాన రిలే బాగున్నట్టు కాదు; ఆ శబ్దం కాయిల్ లాగుతోందని మాత్రమే చెబుతుంది, లోపలి కాంటాక్టులు కాలిపోయి ఉండవచ్చు. అదే పెట్టెలో అదే నంబరుతో మరో రిలే ఉంటే కాసేపు మార్చి చూడటం అన్నిటికన్నా తొందరగా తేలే పరీక్ష.

ఇక ఈ పనిలో అసలు కీలకానికి వస్తాను. మోటారు కనెక్టర్ ఊడదీసి, అందులో ప్రోబ్‌లు పెట్టి, 12 వోల్టులు కనిపించాయి కాబట్టి సప్లై బాగుంది, మోటారే పోయింది అని తేల్చేయడం తరచుగా చూస్తుంటాను. ఆ తీర్పు చెల్లదు. డిజిటల్ మల్టీమీటర్ లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓములు. అది లాగే కరెంటు లెక్కలోకి రానంత స్వల్పం. అందువల్ల తీగలో పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా, కనెక్టర్ లోపలి లోహపు టెర్మినల్‌కు చిలుము పట్టి పది ఓముల అడ్డు తగులుతున్నా, మీటరు మీద మాత్రం నిండు వోల్టేజే కనిపిస్తుంది. బావిలో చేద నిండాకే తాడు సత్తువ తెలిసినట్టు, తీగ సత్తువ కరెంటు పారుతున్నప్పుడే బయటపడుతుంది.

కాబట్టి కనెక్టర్ ఊడదీయకుండా, దాని వెనుక తీగ దూరే సందులోంచి సన్నని ప్రోబ్‌ను టెర్మినల్‌కు తగిలించాలి. తీగ తొడుగుకు పొడిచి రంధ్రం చేస్తే తరువాత అక్కడి నుంచే తేమ లోపలికి పోతుంది. ఇంజిన్ నడుస్తూ, ఫ్యాను చివరి వేగంలో ఉండగా ముందు బ్యాటరీ మీద వోల్టేజి, ఆ తరువాత మోటారు రెండు టెర్మినల్స్ మధ్య వోల్టేజి రాసుకోవాలి. రెండింటికీ తేడా ఒక వోల్టు లోపు ఉంటే వైరింగ్‌ను అనుమానించాల్సిన పని దాదాపు లేదు. అంతకన్నా ఎక్కువైతే పోయిన వోల్టేజి ఎక్కడ పోయిందో వెతకాలి. ఒక ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది మోటారు పాజిటివ్ టెర్మినల్ మీద ఉంచితే ఆ వైపు నష్టం సూటిగా మీటరు మీదే కనిపిస్తుంది. అది అర వోల్టు దాటకూడదు. మోటారు నెగటివ్ టెర్మినల్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కు కూడా అలాగే చూడాలి. మోటారు నేరుగా ఎర్తుకు కలిసిన వాహనంలో అక్కడ 0.2 వోల్టులు దాటితే నేను ఒప్పుకోను. స్విచ్ లేదా రిలే కూడా ఎర్తు వైపే ఉన్న వాహనాల్లో వాటి కాంటాక్టుల వల్ల కాస్త ఎక్కువ రావడం మామూలే. నష్టం ఏ వైపో తెలిశాక, ఆ వైపున ఉన్న ఫ్యూజు, రిలే, ప్రతి కనెక్టర్, ఎర్తు బోల్టు, ఇలా ఒక్కోదానికి ఇటొకటి అటొకటి ప్రోబ్‌లు పెట్టుకుంటూ పోతే అంకె పెద్దదైన చోట లోపం కూర్చుని ఉంటుంది.

ఒక మిత్రుడి వ్యానులో ఫ్యాను ఏ వేగంలోనైనా నీరసంగా తిరిగేది. మోటారు మార్చాలని అప్పటికే అతనికి ఎవరో చెప్పి ఉన్నారు. బ్యాటరీ మీద 13.9 వోల్టులు, మోటారు మీద 10.6 వోల్టులు ఉన్నాయి, అంటే 3.3 వోల్టులు దారిలో పోతున్నాయి. పాజిటివ్ వైపు 0.4 మాత్రమే పోతోంది, ఎర్తు వైపు 2.9. ఆ 2.9లో 2.7 వోల్టులు డ్యాష్‌బోర్డు కింద, కాళ్ల దగ్గరి ప్యానెల్ వెనుక ఉన్న ఒక్క ఎర్తు బోల్టు దగ్గరే ఉన్నాయి. తీగ చుట్టూ బిగించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు 14 ఆంపియర్లు చూపుతోంది కాబట్టి అక్కడి నిరోధం 0.2 ఓములు కూడా లేదు. మీటరు ప్రోబ్ తీగలకే ఇంచుమించు అంత నిరోధం ఉంటుంది గనుక ఓము పరీక్షతో ఆ లోపం చేతికి చిక్కేది కాదు. అయినా ఆ చిన్న అడ్డు దగ్గర దాదాపు 38 వాట్ల వేడి పుడుతోంది, బోల్టు మీద వేలు నిలవలేదు. లుగ్గు (తీగ కొసన ఉండే లోహపు రింగు) కింద తుప్పు, దాని కింద రంగు పొర. రెండింటినీ గీకి, లోహం మెరిసేదాకా రుద్ది, కొత్త లుగ్గు వేసి బిగించాక పాత మోటారే హోరున తిరిగింది.

కనెక్టర్ కమలడం వెనుక ఉన్న సూత్రం కూడా ఇదే. రెసిస్టర్ కనెక్టర్‌ను ఊడదీసి వెలుతురులో పట్టుకుని చూస్తే ఆ భాగం పడిన బాధ అంతా కనిపిస్తుంది. బాగున్న టెర్మినళ్లు పసుపుగానో తెల్లగానో మెరుస్తుంటే, వేడెక్కినది నీలమూ గోధుమరంగూ కలిసిన మచ్చతో మాసి ఉంటుంది. దాని చుట్టూ ప్లాస్టిక్ ముందు రంగు మారి, తరువాత బుడగలెత్తి, చివరికి టెర్మినల్‌ను పట్టి ఉంచే చిన్న కొక్కెం కరిగిపోయి, కనెక్టర్ గుచ్చినప్పుడల్లా ఆ ఒక్క టెర్మినల్ వెనక్కి జారిపోతుంది. ఇంత జరిగినా ఫ్యూజు తెగలేదేమని చాలామంది ఆశ్చర్యపోతారు. ఫ్యూజుకు తెలిసేది కరెంటు పరిమాణం మాత్రమే. వదులైన కాంటాక్టు వల్ల దారిలో నిరోధం పెరిగి కరెంటు కొద్దిగా తగ్గుతుందే తప్ప పెరగదు, కాబట్టి ఫ్యూజు దృష్టిలో అంతా సవ్యంగానే ఉంటుంది. ఇలాంటి కనెక్టర్‌కు కొత్త రెసిస్టర్ తగిలిస్తే పాత టెర్మినల్ వేడి కొత్తదాని కాళ్లకు పాకుతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. కనెక్టర్‌ను కూడా మార్చాలి. తీగను నల్లబడిన చోట కాకుండా రాగి ఎర్రగా మెరిసే చోటుకు వెనక్కి కత్తిరించి, అదే మందం గల తీగలున్న కొత్త కనెక్టర్‌ను సరైన క్రింపింగ్‌తో (లోహపు తొడుగును నొక్కి బిగించి) అతకాలి. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు పది ఇరవై ఆంపియర్ల దారిలో ఉండదగినది కాదు.

మోటారు మీదికి అనుమానం వెళ్లాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. టెర్మినల్స్ మధ్య నిండు వోల్టేజి ఉండి కూడా మోటారు కదలకపోతే, స్క్రూడ్రైవర్ పిడితో దాని ఒంటి మీద మెల్లగా తట్టి చూడాలి. తట్టగానే తిరిగితే కార్బన్ బ్రష్‌లు అరిగి, మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కమ్యుటేటర్‌కు సరిగా ఆనడం లేదు. ఆ మోటారుకు రోజులు దగ్గరపడ్డాయి. తిరుగుతూనే కీచుమంటుంటే బేరింగు ఎండిపోయింది. బిగుసుకున్న మోటారు నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ కరెంటే రెసిస్టర్‌ను, కనెక్టర్‌ను కాలుస్తుంది. డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటరు ఉంటే దీనిని క్షణంలో పట్టుకోవచ్చు. మామూలు కార్ల మోటార్లు చివరి వేగంలో ఇంచుమించు 15 నుంచి 25 ఆంపియర్ల మధ్య లాగుతుంటాయి గానీ వాహనాన్ని బట్టి ఇది మారుతుంది, కాబట్టి ఆ మోడల్ సర్వీసు మాన్యువల్‌లోని విలువతోనే పోల్చాలి. మోటారును కిందికి దించినప్పుడు ఫ్యాను చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. పట్టు లేకుండా తిరిగి మెల్లగా ఆగాలి. అడుగున నీటి చారలు, తుప్పు కనిపిస్తే ముందు అద్దం కింద ఉన్న నీటి కాలువ ఎండుటాకులతో పూడుకుందేమో చూడాలి, లేకపోతే తరువాతి వానకు కొత్త మోటారూ తడుస్తుంది.

ఇక్కడ బాగా ప్రచారంలో ఉన్న ఒక అభిప్రాయంతో నేను విభేదిస్తాను. క్యాబిన్ ఫిల్టరు మూసుకుపోతే మోటారు మీద భారం పెరిగి కాలిపోతుందని అంటారు. ఈ వాహనాల్లో వాడే డ్రమ్ము ఆకారపు ఫ్యాను ఎంత ఎక్కువ గాలిని నెడితే అంత ఎక్కువ శ్రమ పడుతుంది. గాలి దారి మూసుకుపోతే దాని పని తగ్గి, మోటారు లాగే కరెంటు కూడా తగ్గుతుంది. ఫిల్టరు మూసుకుపోవడం వల్ల దెబ్బతినేది రెసిస్టర్. దానిని చల్లబరిచే గాలి తగ్గిపోవడంతో థర్మల్ ఫ్యూజు తెగుతుంది. మోటారుకు నష్టం ఉంటే అది దాని ఒంటిని చల్లబరిచే సన్నని గాలి గొట్టం ఊడిపోవడం వంటి వేరే దారిలో వస్తుంది. ఫిల్టరు మార్చాలన్న సలహా సరైనదే, కారణం మాత్రం వేరు.

ఆటోమేటిక్ వ్యవస్థల్లో చుట్టల రెసిస్టర్ బదులు ట్రాన్సిస్టర్ మాడ్యూల్ ఉంటుంది. దానికి లావుపాటి కరెంటు తీగలతో పాటు కంట్రోల్ యూనిట్ నుంచి ఒక సన్నని సిగ్నల్ తీగ వస్తుంది. కొన్నిటిలో ఆ సిగ్నల్ నెమ్మదిగా పెరిగే వోల్టేజి, మరికొన్నిటిలో వేగంగా ఆగుతూ వస్తూ ఉండే పల్స్. వేగం మీట మార్చినప్పుడు ఆ సిగ్నల్ మారుతూ, మాడ్యూల్‌కు సప్లై, ఎర్తు నిండుగా ఉండి, మోటారు మాత్రం స్పందించకపోతే, మోటారును నేరుగా ఫ్యూజున్న తీగతో బ్యాటరీకి కలిపి చూడాలి. తిరిగితే మాడ్యూల్ పోయినట్టే. సిగ్నలే రాకపోతే మాడ్యూల్ నిర్దోషి, వెతకాల్సింది కంట్రోల్ యూనిట్ వైపు. పల్స్ సిగ్నల్‌ను మామూలు మల్టీమీటర్ సగటు వోల్టేజిగానే చూపుతుంది కాబట్టి అంకె చిన్నదిగా కనిపించినంత మాత్రాన లోపమని అనుకోకూడదు. ఇలాంటి సిగ్నల్ తీగల మీద బల్బు టెస్ట్ ల్యాంప్ పెట్టడం ప్రమాదం, ఎందుకంటే అది లాగే కరెంటుకు లోపలి ఎలక్ట్రానిక్స్ తట్టుకోలేకపోవచ్చు. ఇగ్నిషన్ ఆపి తాళంచెవి తీశాక కూడా ఫ్యాను తిరుగుతూనే ఉంటే మాడ్యూల్ లోపలి ట్రాన్సిస్టర్ షార్ట్ అయిందనో, పాత వ్యవస్థలో అయితే రిలే కాంటాక్టులు అతుక్కుపోయాయనో అనుకోవాలి. అప్పటికి రిలేను లాగి పక్కన పెట్టకపోతే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుంది.

డ్యాష్‌బోర్డు కింద చేతులు పెట్టేవారికి రెండు జాగ్రత్తలు. సాధారణంగా పసుపు రంగు కనెక్టర్లు, తొడుగులు ఉన్న తీగలు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటి దగ్గర ఏదైనా విప్పాల్సి వస్తే బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, తయారీదారు చెప్పినంతసేపు ఆగాలి, వాటి మీద మీటరు ఎన్నడూ పెట్టకూడదు. విద్యుత్ వాహనాల్లో, హైబ్రిడ్‌లలో ఫ్యాను మోటారు చాలావరకు 12 వోల్టులదే అయినా, దాని పక్కనే వేడి పుట్టించే హీటర్‌కు వందల వోల్టుల కరెంటు వస్తుంది. నారింజ రంగు తీగ కనిపిస్తే ఆ పని అందుకు శిక్షణ పొందినవారికి వదిలేయాలి.

అప్పుడప్పుడు వచ్చి పోయే లోపం అన్నిటికన్నా ఓపిక అడుగుతుంది. గుంతలో పడినప్పుడు ఆగిపోయే ఫ్యానుకు సాధారణంగా వదులైన టెర్మినలో, అరిగిన బ్రషో కారణం. కాసేపు బాగా తిరిగి వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్లీ తిరిగేదానికి స్విచ్, రిలే, మాడ్యూల్‌లలో ఒకటి. మీటరును మోటారు టెర్మినల్స్‌కు తగిలించి ఉంచి, ఒక్కో కనెక్టర్‌ను, తీగల కట్టను చేత్తో కదుపుతూ అంకె ఎప్పుడు పడిపోతుందో చూడాలి. ఫ్యాను ఆగినప్పుడు మోటారు మీద వోల్టేజి నిండుగా ఉంటే తప్పు మోటారుది, మాయమైతే దారిది.

మరమ్మతు ముగిశాక ప్యానెళ్లు వెంటనే మూయకుండా, ఫ్యానును పావుగంటపాటు చివరి వేగంలో తిప్పి, అదే చోట్ల వోల్టేజి నష్టాన్ని మళ్లీ కొలిచి, పాత అంకెల పక్కన రాసుకుంటాను. ఆ తరువాత ఫ్యాను ఆపి కనెక్టర్లు, ఎర్తు బోల్టు మీద వేళ్లు పెట్టి చూస్తాను. గోరువెచ్చగా ఉంటే ప్యానెల్ స్క్రూలు బిగిస్తాను. వేలు నిలవనంత వేడిగా ఉంటే మీటరు మళ్లీ చేతిలోకి తీసుకుంటాను.